సాల్మన్ ట్రైల్: భీమిలిలో పిల్లలతో జియోక్యాషింగ్ ఎలా పెట్టుకోవాలి

సాల్మన్ జీవితచక్రం అనగానే పిల్లలు గీసే బొమ్మ ఒకటుంది. గుడ్డు, పిల్ల, పెద్ద చేప, మళ్లీ గుడ్డు, మధ్యలో బాణాలు. పరీక్ష అయిపోతే బొమ్మ కూడా అయిపోతుంది. అసలు సంగతి ఆ బొమ్మలో ఎక్కడా కనపడదు: వేలెడంత ఉన్నప్పుడు ఏరు వదిలేసిన చేప ఏళ్లపాటు నడిసముద్రంలో తిరిగి, చివరికి తను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వస్తుంది, అదీ ఎక్కువగా వాసన పట్టుకుని. ఇది కూర్చోబెట్టి చెప్తే ఎక్కదు, నడిపిస్తే ఎక్కుతుంది. అందుకే ఈ ట్రైల్. వెళ్లేటప్పుడు జీపీఎస్, వచ్చేటప్పుడు ముక్కు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, జట్టుకు నలుగురైదుగురు, ప్రతి జట్టుకూ ఒక పెద్దవాళ్లు, ఒక ఆదివారం పొద్దున్న ఉంటే చాలు.

జియోక్యాషింగ్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, మిగతావాళ్లు ఫోన్‌లో ఆ అంకెలు పెట్టుకుని వెతికి, దొరికాక లోపలున్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేస్తారు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం సామాన్యుల జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును ఆపేసింది, మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆట అలా మొదలైంది. ఒరెగాన్ సాల్మన్ నదులున్న రాష్ట్రం కూడా, పిల్లలకు ఆ మాట చెప్పండి, వాళ్లకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

ముందు చోటు: ఆర్కే బీచ్ ఎందుకు కాదు

వైజాగ్ ఆర్కే బీచ్‌లో సముద్రం ఉంది కానీ ఏరు లేదు. సాల్మన్ కథకు ఏరూ కావాలి, సముద్రమూ కావాలి, రెండూ కలిసే మొగ కూడా కావాలి. వైజాగ్ చుట్టుపక్కల పిల్లలతో సులువుగా వెళ్లగలిగే అలాంటి చోటు భీమిలి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల కిందుగా వచ్చి, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి, తగరపువలస మీదుగా భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు వైజాగ్ నగరానికి కూడా వస్తాయి కాబట్టి మీ పిల్లలు ఈ ఏటి నీళ్లు ఇదివరకే తాగి ఉండొచ్చు. వెళ్లడం కూడా తేలికే, బీచ్ రోడ్డు మీదుగా 900కె బస్సు ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి: గోస్తనిలో సాల్మన్ లేదు, బంగాళాఖాతంలోనూ లేదు. అది చల్లటి నీళ్ల చేప, ఉత్తర పసిఫిక్, ఉత్తర అట్లాంటిక్ దాని ఇళ్లు. మన దగ్గర చేపల కొట్లలో ‘ఇండియన్ సాల్మన్’ అని అమ్మేది మాగ, దానికీ సాల్మన్‌కీ చుట్టరికం లేదు. ఈ సంగతి ట్రైల్ మొదట్లోనే పిల్లలకు స్పష్టంగా చెప్పండి, లేకపోతే ఇంటికెళ్లి గోస్తనిలో సాల్మన్ ఈదుతోందని చెప్తారు. మనం ఇక్కడి ఏటిని ఆ చేప దారికి నమూనాగా వాడుకుంటున్నాం, అంతే.

దారి ఒంటరిగా నడిచి చూడండి

పిల్లల్ని తీసుకెళ్లేముందు మీరొక్కరే, ఆట పెట్టబోయే గంటకే వెళ్లి నడవండి. పొద్దున్న ఏడింటికి నీడ ఎక్కడుంది, గట్టు ఎక్కడ జారుతోంది, కుక్కలు ఎక్కడ పడుకుంటాయి అన్నది సాయంత్రం వెళ్తే తెలియదు. మొగకు పైన ఏటి గట్టు మీద చెట్టు నీడ ఉన్న ఒక చోటును మొదటి పెట్టెకు ఎంచుకోండి. అక్కడి నుంచి కిందికి, మొగ వైపు, తర్వాత ఒడ్డు వెంట లైట్‌హౌస్ వైపు. మొత్తం పోయి రావడం రెండు కిలోమీటర్లు మించకుండా చూసుకోండి. పెట్టెకూ పెట్టెకూ మధ్య 150 నుంచి 200 మీటర్లుంటే బాగుంటుంది. జియోక్యాషింగ్ వెబ్‌సైట్‌లో పెట్టే డబ్బాలకైతే కనీసం 161 మీటర్ల దూరం నియమం, మనది ఒక్క పూట ఆట కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి, వీటిలో రాజీ వద్దు. భీమిలి వెళ్లే దారిలో నేవీ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉంది, ఆ గోడ దరిదాపుల్లో పెట్టె దాచడం, ఫోన్ పట్టుకుని తచ్చాడడం అసలు పనికిరాదు. వైజాగ్‌లో ఎవరిదో తెలియని డబ్బా కనిపిస్తే జనం కంగారు పడతారు, పడాలి కూడా. అందుకని పెట్టెలు లోపలిది కనపడే ప్లాస్టిక్‌వే వాడండి, మీద ‘పిల్లల ఆట, సాల్మన్ ట్రైల్’ అని, మీ ఫోన్ నంబర్, తేదీ తెలుగులో పెద్దగా రాసి అంటించండి, ముందురోజు స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ దగ్గరున్న టీ కొట్టు వాళ్లకూ ఒక మాట చెప్పండి. ఎర్రమట్టి దిబ్బలు రక్షిత ప్రాంతం, దారిలో ఆగి చూడండి, పెట్టెలు మాత్రం వద్దు. ఒడ్డున ఆరేసిన వలలు, లాగిపెట్టిన తెప్పలు, పడవలు వేటకు వెళ్లేవాళ్ల బతుకుదెరువు, వాటి మధ్య పిల్లలు వెతుకులాడేలా చేయొద్దు. ఇసుక తవ్వొద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఏ ఇసుక కింద ఏముందో పైకి కనపడదు.

ఇక సముద్రం సంగతి. మన తీరంలో అల వెనక్కి లాగే జోరు చాలా ఎక్కువ, మోకాలి లోతులో నిలబడ్డవాళ్లనే లాక్కుపోయిన సందర్భాలు వైజాగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. మొగ దగ్గర ఏటి లాగుడు, సముద్రం లాగుడు రెండూ కలుస్తాయి. కాబట్టి ఏ పెట్టె కూడా నీళ్లకు దగ్గరగా వద్దు, పోటు గీతకు బాగా పైనే ఉండాలి. వెళ్లేముందు పోటు ఎప్పుడో చూసుకోండి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరికలు కూడా చూడండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు, అప్పుడు ఈ ఆలోచనే వద్దు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పొద్దుటి పూట హాయిగా ఉంటుంది.

కావలసిన సామాను

మూత గట్టిగా పట్టే పారదర్శకమైన డబ్బాలు ఐదు. ప్రతి దాంట్లో ఒక చిన్న నోట్‌బుక్, ఒక పెన్సిల్ (పెన్ను తేమకు మొరాయిస్తుంది). ప్రతి జట్టుకూ ఒక చిన్న డబ్బాలో లెక్కపెట్టి 100 శనగలు. సాల్మన్ గుడ్డు నారింజ రంగులో దాదాపు శనగగింజంతే ఉంటుంది. ప్లాస్టిక్ పూసలు బావుంటాయని అనిపిస్తుంది కానీ ఒకటి రెండు ఒడ్డున పడ్డా అవి అక్కడే ఉండిపోతాయి, శనగలే మంచిది. రెండు పారదర్శకమైన గ్లాసులు, అడుగున చిల్లులు పెట్టినవి. ఆర్వో ఫిల్టర్ బాగుచేసే వాళ్ల దగ్గరుండే టీడీఎస్ మీటర్ ఒకటి, నీళ్లలో ఉప్పులాంటివి ఎంత కరిగి ఉన్నాయో చూపిస్తుంది, పెన్నులా ఉంటుంది, ఖరీదు తక్కువే. మూడు గాజు జామ్ సీసాలు. వాము, లవంగాలు, సోంపు. ఈ ఆఖరి మూడూ ఎందుకో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

కోఆర్డినేట్లు తీయడం

పెట్టె పెట్టబోయే చోట నిలబడి ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీరున్న చోట వేలితో నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, అంకెలు కనిపిస్తాయి. భీమిలి దగ్గర అవి 17.8, 83.4 తో మొదలవుతాయి. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు రాసుకోండి, ఐదో అంకె విలువ దాదాపు ఒక మీటరు. కానీ ఫోన్ జీపీఎస్‌కు ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఐదారు మీటర్ల తేడా మామూలే, చెట్ల కింద ఇంకా ఎక్కువ. అందుకని కాసేపు ఆగి ఆగి మూడుసార్లు తీసి, మూడూ దగ్గరగా ఉంటే మధ్యదాన్ని వాడండి. ఒకటి దూరంగా పడితే అది వదిలేయండి. ఎలాగూ అంకెలు పిల్లల్ని దగ్గరికి తెస్తాయే కానీ చేతిలో పెట్టవు, ఆ మిగిలిన ఐదారు మీటర్లకు ఒక సూచన రాసి ఇవ్వండి: ‘తెల్ల సున్నం వేసిన రాయికి వెనక’, ‘కొబ్బరిచెట్టుకు ఏటి వైపు’ అన్నట్టు. అంకెలు అందరికీ ఒకేసారి ఇవ్వకండి. ఒక పెట్టెలో తర్వాతి పెట్టె అంకెలు ఉండాలి.

మొదటి పెట్టె: గుడ్డు

ఇది అన్నిటికన్నా పైన, చెట్టు నీడలో. ఇక్కడ ఎక్కువసేపు ఆగండి.

ఆడ సాల్మన్ గులకరాళ్లున్న చోటు చూసుకుని, పక్కకు వాలి, తోకతో నేలను బాదుతుంది. నీటి తోపుకు రాళ్లు లేచి గుంట పడుతుంది. అందులో గుడ్లు వదలగానే మగ చేప పక్కనే వచ్చి వాటిని ఫలదీకరిస్తుంది. తర్వాత ఆడ చేప కొంచెం ఎగువకు జరిగి మళ్లీ గుంట తీస్తుంది, ఆ తవ్వకంలో లేచిన రాళ్లు కిందికి కొట్టుకొచ్చి మొదటి గుంటలోని గుడ్లను కప్పుతాయి. ఒకే పనితో రెండు పనులు. ఇలా వేల గుడ్లు పెడుతుంది.

గులకరాళ్లే ఎందుకన్నది పిల్లలతోనే చెప్పించండి. చిల్లుల గ్లాసులు రెండింట్లో ఒకదాంట్లో గులకరాళ్లు, ఇంకోదాంట్లో ఏటి ఒండ్రు నింపి, రెండింట్లో పైనుంచి ఒకేలా నీళ్లు పోయమనండి. రాళ్లలోంచి నీళ్లు చకచకా దిగిపోతాయి, బురదలో పైనే నిలబడిపోతాయి. గుడ్డుకు కూడా ఊపిరి కావాలి, ఆ ఊపిరి రాళ్ల సందుల్లోంచి పారే నీటితోనే వస్తుంది. ఎగువన కొండ మీద చెట్లు కొట్టేస్తే మట్టి కొట్టుకొచ్చి ఆ సందులు పూడుకుపోతాయి, లోపల గుడ్లు ఊపిరాడక చస్తాయి. చేపను ఎవరూ ముట్టుకోకుండానే చేప పోతుంది. ఇంత చిన్న గ్లాసుతో ఇంత పెద్ద సంగతి అర్థమవడం నాకు ఈ ట్రైల్‌లో చాలా ఇష్టమైన భాగం.

ఇక్కడే ఇంకో పని, దీన్ని మర్చిపోతే ఆఖరు మొత్తం పాడవుతుంది. జామ్ సీసాల్లో ఒకదాంట్లో, ఉదాహరణకు వాము, పలుచటి గుడ్డలో మూటకట్టి వేసి, మూతకు మేకుతో నాలుగైదు చిల్లులు పెట్టి ఉంచండి. వాము కొంచెం నలిపి కడితే వాసన బాగా వస్తుంది. అదేమిటో పేరు చెప్పొద్దు, గుడ్డ విప్పొద్దు. ప్రతి పిల్లా పిల్లాడూ కళ్లు మూసుకుని ఒక నిమిషం వాసన చూడాలి. ‘ఇది మీ వాగు, గుర్తుపెట్టుకోండి’ అంతే చెప్పండి.

వెళ్లేముందు పెట్టెలోని చీటీ చదవాలి: ‘వరద వచ్చి గుంట చెదిరింది, 40 గుడ్లు పోయాయి.’ 40 శనగలు లెక్కపెట్టి పెట్టెలో వేసేయాలి. చేతిలో మిగిలేవి 60.

రెండు, మూడు పెట్టెలు: పొట్టకింద సంచి, ఒంటిమీద చారలు

రెండో పెట్టెను రాళ్ల మధ్య దాచండి, ఎందుకంటే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల కూడా అక్కడే దాక్కుంటుంది. దాని పొట్టకింద నారింజ రంగు సంచి వేలాడుతూ ఉంటుంది, గుడ్డులోని పచ్చసొన అది. వారాల తరబడి వేరే తిండి లేకుండా దాంతోనే బతికి, అది అయిపోయాక రాళ్లలోంచి పైకి వస్తుంది. చీటీ: ‘పైకి రాగానే పెద్ద చేపలు, పక్షులు కాచుకుని ఉన్నాయి, 30 పోయాయి.’ ఇక్కడ ఎక్కువసేపు వద్దు.

మూడో పెట్టెలో రెండు కాగితపు చేపలు పెట్టండి, ఒకటి ఒట్టి వెండి రంగుది, ఒకటి పక్కల నిలువు చారలున్నది. రెండింటినీ చెట్టు ఆకుల నీడ మచ్చలుగా పడే చోట నేలమీద పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్లి చూడమనండి. చారలది నీడలో కలిసిపోతుంది, వెండిది పట్టిస్తుంది. ఏట్లో ఉన్నంతకాలం పిల్ల సాల్మన్‌కు ఆ చారలే రక్ష. ఎంతకాలం అన్నది జాతిని బట్టి ఉంటుంది: పింక్, చమ్ సాల్మన్లు పైకి రాగానే దాదాపు నేరుగా సముద్రానికి బయల్దేరతాయి, కోహో ఏడాది దాకా ఏట్లోనే ఉంటుంది, సాకై సాధారణంగా ఒకటి రెండేళ్లు సరస్సులో గడుపుతుంది. చీటీలో 15 పోతాయి, జట్టు దగ్గర 15 మిగులుతాయి. పిల్లలకు ఈపాటికి టెన్షన్ మొదలవుతుంది, మిగిలిన శనగల్ని గుప్పిట్లో పట్టుకుని నడుస్తారు. మంచిదే, అలాగే పట్టుకోనివ్వండి.

నాలుగో పెట్టె: మొగ దగ్గర

ఏరూ సముద్రం కలిసేచోటు కనిపించేలా, కానీ గట్టు పైన, పెట్టండి. సాల్మన్ జీవితంలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఇక్కడ జరిగేదే, పుస్తకాల్లో ఒక్క వాక్యంతో దాటేసేదీ ఇదే. మంచినీళ్లలో ఉన్న చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట తక్కువ, కాబట్టి నీళ్లు దాని ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి. అది నీళ్లు పెద్దగా తాగదు, పల్చటి మూత్రం బాగా పోస్తుంది, మొప్పలతో నీటిలోని ఉప్పును పట్టుకుంటుంది. సముద్రంలో అంతా తలకిందులు: బయటే ఉప్పు ఎక్కువ, ఒంట్లోని నీళ్లు బయటికి లాగేస్తుంది. అక్కడ చేప ఉప్పునీళ్లు తాగాలి, ఎక్కువైన ఉప్పును మొప్పలతో బయటికి తోసేయాలి. అంటే అవే మొప్పలు చేసే పనిని పూర్తిగా తిరగేయాలి. ఆ తయారీలోనే చారలు మాసిపోయి ఒళ్లు వెండిలా మెరుస్తుంది, అప్పటిదాకా ప్రవాహానికి ఎదురు నిలబడిన పిల్ల దిగువకు బయల్దేరుతుంది.

ఇక్కడ టీడీఎస్ మీటర్ తీయండి. పెద్దవాళ్లు ఒకరు ముందే వేరే మూడు సీసాల్లో నీళ్లు తెచ్చి పెట్టాలి: ఇంటి ఆర్వో నీళ్లు, ఎగువన ఏటి నీళ్లు, సముద్రపు నీళ్లు. పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపొద్దు, ఏ నీళ్లూ రుచి చూడనివ్వొద్దు. మొదటి రెండింటి అంకెలు మీటర్ చూపిస్తుంది. సముద్రపు నీళ్లలో ముంచితే చాలా మీటర్లు చేతులెత్తేస్తాయి, లీటరుకు దాదాపు 30 గ్రాముల ఉప్పుండే నీళ్లను అవి కొలవలేవు. అప్పుడు ఒక చెంచా సముద్రపు నీళ్లకు తొమ్మిది చెంచాల ఆర్వో నీళ్లు కలిపి కొలిచి, వచ్చిన అంకెను పదితో గుణించమనండి. ఆ అంకెనూ ఏటి అంకెనూ పక్కపక్కన లాగ్‌బుక్‌లో రాయించండి. వేలెడంత చేప ఈ రెండంకెల మధ్య తేడాను ఒంట్లో మోస్తూ దాటుతుంది.

చీటీ: 8 పోయాయి. మిగిలినవి 7.

ఐదో పెట్టె: సముద్రం

లైట్‌హౌస్ వైపు, రోడ్డుకు దగ్గరగా, ఇసుక మీద కాకుండా గట్టి నేల మీద. ఇక్కడ పిల్లలకు కొంచెం తిండి, నీళ్లు ఇవ్వండి, సాల్మన్ కూడా ఇక్కడే తెగ తిని పెరుగుతుంది. పింక్ సాల్మన్ ఏడాదిన్నర, చినూక్ అయితే కొన్నేళ్లు సముద్రంలోనే ఉంటాయి. దాని మాంసం ఎర్రగా ఎందుకుంటుందో అడగండి. రొయ్యను ఉడికిస్తే ఎర్రబడడం భీమిలి పిల్లలకు తెలియనిది కాదు. రొయ్యలో దాగి ఉన్న ఆ రంగు పేరు ఆస్టాజాంథిన్, సాల్మన్ రొయ్యల్లాంటి చిన్న జీవుల్ని తిని అదే రంగును తన కండలో దాచుకుంటుంది.

చీటీలో 5 పోతాయి. మిగిలినవి 2. ఇక్కడ నిజం చెప్పండి: ఈ 40, 30, 15 ఆట కోసం వేసుకున్న లెక్క, ఏ నదికి ఆ నది, ఏ ఏడుకు ఆ ఏడు వేరు. అసలు లెక్క ఇంకా కఠినం, ఒక జంట పెట్టిన వేల గుడ్లలోంచి సగటున రెండు చేపలు తిరిగొచ్చి గుడ్లు పెడితే ఆ సంతతి నిలబడినట్టే.

తిరుగు ప్రయాణం: ఫోన్ లోపల పెట్టేయండి

ఐదో పెట్టెలో ఆఖరి చీటీ: ‘ఇక ఇంటికి. అంకెలు లేవు. తిండి లేదు.’ మంచినీళ్లలోకి వచ్చాక సాల్మన్ తినడం మానేస్తుంది, సముద్రంలో కూడబెట్టిన కొవ్వుతోనే మొత్తం దారి ఈదుతుంది. యూకాన్ నదిలో చినూక్ దాదాపు 3,000 కిలోమీటర్లు అలా ఎదురీదుతుంది. కాబట్టి ఇక్కడి నుంచి బిస్కెట్లు బంద్. మంచినీళ్లు మాత్రం అడిగినప్పుడల్లా ఇవ్వండి, ఎండలో దాంతో ఆటలొద్దు. మొగ దాకా దిక్సూచి వాడుకోవచ్చు, ఎందుకంటే నడిసముద్రంలో సాల్మన్ భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఆధారం చేసుకుంటుంది. మొగ దాటాక అదీ లేదు.

మొగ దాటాక దారికి అడ్డంగా ఇద్దరు పెద్దవాళ్లు తాడు పట్టుకుని నిలబడాలి. ఇది ఆనకట్ట. పిల్లలు పక్కనుంచి దూరబోతే ఆపండి, దాటే దారి లేదని చెప్పండి, ఒక్క రెండు నిమిషాలు ఉత్తినే నిలబెట్టండి. ఆ రెండు నిమిషాల్లో మన చేప గురించి చెప్పండి. పులస కూడా సాల్మన్‌లాగే సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కేదే, వానాకాలంలో గోదారికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి వస్తుంది, పుస్తెలమ్మైనా పులస తినాలని అందుకే అన్నారు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి కురచైంది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అంతకుముందు అలహాబాద్ దాకా వెళ్లిన అదే చేప అక్కడ దాదాపు కనపడకుండా పోయింది. గోస్తనికి తాటిపూడి అడ్డం. ఆనకట్ట లేకపోతే పంట లేదు, ఊరికి నీళ్లు లేవు, అది కూడా చెప్పండి, కానీ చేప ఖర్చును లెక్కలో రాయకుండా వదిలేయొద్దు. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు డ్యాములను తీసేయడం 2024లో పూర్తయింది, ఆ శరదృతువులోనే చినూక్ సాల్మన్ పాత డ్యాముల చోటు దాటి ఎగువకు వచ్చింది. వందేళ్లకు పైగా మూసుకుపోయిన దారి అది. ఈ మాట చెప్పి తాడు దింపేయండి.

ఆఖరి పెట్టె ముక్కుతో

పిల్లలు సముద్రం వైపు ఉన్నప్పుడు ఒకరు వెనకే ఉండి మొదటి పెట్టె చోట ఈ ఏర్పాటు చేయాలి: మూడు చెట్ల కింద, పదేసి అడుగుల దూరంలో మూడు సీసాలు, ఒకదాంట్లో వాము, ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో సోంపు, మూడూ ఒకేలాంటి గుడ్డమూటల్లో, ఒకే పరిమాణంలో. కర్పూరం వాడొద్దు, దాని ఘాటుకు మిగతావి తెలియవు. పిల్లలు పెద్దవాళ్లయితే దవనం, మరువం, తులసి పెట్టి చూడండి, ఇంకా కష్టంగా, ఇంకా సరదాగా ఉంటుంది. పది దాటితే సముద్రపు గాలి ఊపందుకుంటుంది, ఆలోపే ఇక్కడికి చేరేలా చూసుకోండి. దారిలో ఎండుచేపల వాసన తగిలితే మంచిదే, ముక్కుకు అది పరీక్ష.

ప్రతి ఒక్కరూ మూడు సీసాలూ వాసన చూసి, మాట్లాడుకోకుండా, తమ వాగు అనుకున్న చెట్టు కింద నిలబడాలి. తర్వాతే సీసాల కిందున్న చీటీలు తీయాలి. సరైన దాని కింద ‘ఇల్లు చేరారు’ అని ఉంటుంది. మిగతా రెండింటి కిందా ‘ఓడిపోయారు’ అని రాయకండి. ఇలా రాయండి: ‘ఇది మీ వాగు కాదు. కొన్ని సాల్మన్లు ఇలాగే వేరే వాగుకు వెళ్తాయి. చేపల్లేని కొత్త వాగుల్లో సంతతి మొదలయ్యేది అలాంటి వాటివల్లే.’ ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, నిజమే.

ఇక్కడ ఆర్థర్ హాస్లర్ ప్రయోగం చెప్తే పిల్లలు చెవులు రిక్కిస్తారు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పనిచేసిన ఆయన, తన బృందంతో కలిసి 1970ల్లో కోహో పిల్లలను మార్ఫొలిన్ అనే రసాయనం చుక్కలు కలిపిన నీళ్లలో కొన్నాళ్లుంచి మిషిగన్ సరస్సులోకి వదిలారు. అవి పెద్దవై తిరిగొచ్చే వేళకు ఒక వాగులో అదే రసాయనం కలిపితే, ఆ వాసన తెలిసిన చేపలు ఎక్కువగా ఆ వాగుకే వచ్చాయి. మీ పిల్లలు ఇప్పుడు చేసింది అదే, వాళ్లకు రసాయనం బదులు వాము.

ఇక ఆఖరి ముక్క, దీన్ని దాచొద్దు. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి, ఆడా మగా రెండూ. కొందరు పిల్లలు బాధపడతారు, పడనివ్వండి, తర్వాత ఏం జరుగుతుందో చెప్పండి. ఎలుగుబంట్లు, గద్దలు వాటిని అడవిలోకి లాక్కెళ్లి తింటాయి, మిగిలింది మట్టిలో కలుస్తుంది, సముద్రం నుంచి వచ్చిన నత్రజని ఏటి ఒడ్డు చెట్లలో దొరుకుతుంది. కళేబరాల మీద పెరిగిన పురుగులు మళ్లీ చేపపిల్లలకే తిండి. అన్నీ ఇలా చావవు, అట్లాంటిక్ సాల్మన్‌లో కొన్ని బతికి సముద్రానికి వెళ్లి మళ్లీ వస్తాయి, మన పులస కూడా గుడ్లు పెట్టగానే చచ్చే చేప కాదు. జట్టు దగ్గర మిగిలిన రెండు శనగలను మొదటి పెట్టె దగ్గరి గులకరాళ్ల కింద పెట్టమనండి. ఇప్పుడు బిస్కెట్లు తీయొచ్చు.

సర్దుకోవడం

పెట్టెలు దాచినవాళ్లే, జాబితా చేతిలో పట్టుకుని, వెనక్కి వెళ్లి ఐదూ తీసుకురావాలి. సీసాలు, తాడు, చీటీలు, శనగలతో సహా. సాయంత్రం తీద్దాంలే అని ఒక్కటి కూడా వదలకండి. పోలీసులకు, టీ కొట్టు వాళ్లకు అయిపోయిందని చెప్పండి.

దీన్ని శాశ్వతంగా వెబ్‌సైట్‌లో పెట్టాలనిపిస్తే పద్ధతి వేరు: స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి, డబ్బాను భూమిలో పాతకూడదు, తిండి వస్తువులు, వాసన వచ్చేవి లోపల పెట్టకూడదు (జంతువులు చీల్చేస్తాయి), తడిసిన లాగ్‌బుక్ మార్చడానికి మీరు దగ్గర్లోనే ఉండాలి. అందుకే వాము సీసాలు ఒక్క పూట ఆటకే సరి. శాశ్వతంగా పెట్టేదాంట్లో టీడీఎస్ అంకెలు కొలిచి రాసే పెట్టె ఒక్కటైనా చాలు. వానల ముందు ఒకరు, వానల తర్వాత ఒకరు, వేసవిలో ఒకరు కొలిచి తేదీతో రాస్తూ పోతే, గోస్తనిలో ఉప్పు ఏ నెలలో ఎంత పైకి ఎక్కుతోందో ఆ పుస్తకంలోనే తెలుస్తుంది. కాబట్టి ఆ పుస్తకానికి తేమ పట్టని కాగితం వాడండి, మొదటి పేజీలో మీటర్ ఏ కంపెనీదో, నీళ్లు ఎక్కడ నిలబడి తీయాలో రాసి పెట్టండి.